జవాబు యంత్రానిది, జవాబుదారీ మనది



 

కొంతకాలంగా ఒకే ప్రశ్న అనేక రూపాలలో మా వద్దకు వస్తున్నది. ఒక తండ్రి అడుగుతాడు: "మౌలానా, మా అబ్బాయి బడిలో ఇచ్చిన వ్యాసాన్ని ఫోను చేత రాయిస్తున్నాడు. ఇది మోసం కాదా?" ఒక కళాశాల విద్యార్థి అడుగుతాడు: "హజ్రత్, నా ధార్మిక సందేహాలను కృత్రిమ మేధను అడిగి తెలుసుకోవచ్చా?" ఒక వృద్ధుడు, ఆయనకు చదువు అంతగా లేదు, మరింత సూటిగా అడిగారు: "అన్నీ ఆ డబ్బాయే చెబుతుంటే, ఇక అల్లాహ్ మనకు ఇచ్చిన బుర్ర ఎందుకు బాబూ?"

ఈ మూడు ప్రశ్నలలో చివరిదే అసలైనదని మేము భావిస్తున్నాము. ఫోను హలాలా, హరామా అన్న చర్చలోకి మేము వెళ్లదలచుకోలేదు. అది ఒక పనిముట్టు. కత్తితో ఖుర్బానీ చేయవచ్చు, మనిషినీ పొడవవచ్చు. ఈ మాట మీరు చాలాసార్లు విన్నారు, మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోము. మనం తెలుసుకోవలసింది వేరొకటి ఉన్నది. ఏ శ్రమను పనిముట్టుకు అప్పగించవచ్చు? ఏ శ్రమను అప్పగిస్తే మనిషిలో మిగలవలసినది మిగలకుండా పోతుంది?

సోదరులారా! మన ధర్మం పనిముట్లకు శత్రువు కాదు. హిరా గుహలో అవతరించిన మొట్టమొదటి వాక్యాలలోనే చదువు ప్రస్తావన ఉన్నది, కలం ప్రస్తావన ఉన్నది. కలం కూడా ఒక పనిముట్టే. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదవను రాయను వచ్చినవారు ఒక్కొక్కరు పదిమంది పిల్లలకు అక్షరాలు నేర్పితే, అదే వారి విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) స్వీకరించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అక్షరం ఎవరి వద్ద నుండి వచ్చిందని ఆయన చూడలేదు. తరువాతి శతాబ్దాలలో ముస్లిములు నమాజు వేళలను, ఖిబ్లా దిశను తెలుసుకొనేందుకు ఉస్తుర్లాబ్ వంటి యంత్రాలను మెరుగుపరచారు. నేడు కంప్యూటరు పనిచేసే పద్ధతికి ప్రపంచమంతా వాడుతున్న 'అల్గారిథమ్' అనే మాట కూడా ఒక ముస్లిం విద్వాంసుని పేరు నుండి పుట్టినదే. ఆయన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఖలీఫా మామూన్ కాలంలో, క్రీ.శ. 820 ప్రాంతంలో, బగ్దాదులో ఆయన రాసిన బీజగణిత గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అన్న పదమే ఆల్జీబ్రా అయింది. ఆ గ్రంథంలో ఒక పెద్ద భాగం దేని గురించో తెలుసా? వారసత్వపు వాటాల గురించి, వీలునామాల గురించి. ఆయన తన పాఠకునికి జవాబుల పట్టిక ఇచ్చి ఊరుకోలేదు. లెక్క చేసే దారి చూపించారు, ఉదాహరణ వెంట ఉదాహరణ ఇస్తూ. ఈ వారసత్వపు మాటను గుర్తుంచుకోండి, దాని వద్దకు మళ్లీ వస్తాము.

ముందుగా యమామా యుద్ధం సంగతి చెబుతాము. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ తొలి రోజులలో జరిగిన ఆ యుద్ధంలో దివ్యఖుర్ఆన్ కంఠస్థం చేసిన పలువురు సహాబాలు వీరమరణం పొందారు. ఇలాగే మిగిలిన యుద్ధాలలోనూ హాఫిజులు కన్నుమూస్తే ఖుర్ఆన్‌లో కొంత భాగం పోతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. అంతా ఒకచోట రాయించవలసిందని కోరారు. దైవప్రవక్త (స) చేయని పనిని తాము ఎలా చేయగలమని హజ్రత్ అబూబక్ర్ (రజి) మొదట సంకోచించారు. చివరికి ఆయన హృదయం సమాధానపడింది. ఆ బాధ్యతను యువకుడైన హజ్రత్ జైద్ ఇబ్న్ సాబిత్ (రజి) కు అప్పగించారు. ఒక పర్వతాన్ని ఒకచోట నుండి మరొకచోటికి జరపమని ఆజ్ఞాపించి ఉంటే అది తనకు ఇంతకన్నా తేలికగా ఉండేదని జైద్ (రజి) తరువాత చెప్పుకొన్నారు.

ఆయన ఆ పని ఎలా చేశారో గమనించండి. ఖర్జూరపు మట్టలపై, పలుచని రాళ్లపై, తోలు ముక్కలపై రాసి ఉన్న వాక్యాలను సేకరించారు. మనుషుల గుండెలలో ఉన్న ఖుర్ఆన్‌నూ సేకరించారు. ఆయన స్వయంగా హాఫిజ్. అయినా తన జ్ఞాపకం ఒక్కదానినే నమ్ముకోలేదు. రాత దొరికింది కదా అని రాత ఒక్కదానితోనే సరిపెట్టుకోలేదు. రాతను జ్ఞాపకంతోనూ, జ్ఞాపకాన్ని రాతతోనూ సరిచూశారు. పద్నాలుగు వందల సంవత్సరాలుగా మన సముదాయం ఈ పద్ధతినే పాటిస్తున్నది. ముద్రణ వచ్చింది, కోట్లాది ప్రతులు వచ్చాయి, ఇప్పుడు ప్రతి జేబులో ఉన్న ఫోనులోనూ ఖుర్ఆన్ ఉన్నది. అయినా మన ఊరి మక్తబ్‌లో ఏడేళ్ల పిల్లవాడు ఫజ్ర్ తరువాత ఉస్తాద్ ఎదుట కూర్చుని ఊగుతూ కొత్త పాఠమైన సబఖ్‌నూ, పాత పాఠమైన ఆమూఖ్తానూ అప్పగిస్తూనే ఉన్నాడు. పుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ గుండెలో ఎందుకు పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే దానికి సమాధానం ప్రతి రమజాన్‌లోనూ తరావీహ్ నమాజులో దొరుకుతుంది. ఇమాము ఒక్క అక్షరం తప్పినా వెనుక వరుసలో నుండి ఒక హాఫిజ్ అందిస్తాడు. లోపల ఉన్నవాడికే బయటి తప్పు వినబడుతుంది.

ఈ సందర్భంలో ఇమాం గజాలీ (రహ్మలై) జీవితంలోని ఒక ప్రసిద్ధ సంఘటన చెప్పకుండా ఉండలేము. ఆయన యువకునిగా జుర్జాన్‌లో చదువు ముగించుకొని స్వస్థలమైన తూస్‌కు తిరిగి వస్తుండగా బందిపోట్లు దోచుకున్నారు. ఆయన వారి వెంటబడి, సొమ్మంతా తీసుకొని తన కాగితాల సంచి మాత్రం ఇవ్వమని వేడుకున్నారు. వాటిలో ఏమున్నదని దొంగల నాయకుడు అడిగాడు. తాను విని రాసుకున్న పాఠాలు, తన చదువంతా అందులోనే ఉన్నదని గజాలీ చెప్పారు. ఆ దొంగ పగలబడి నవ్వాడట. సంచి తీసుకోగానే చదువు లేనివాడివి అయిపోయావు, అలాంటప్పుడు నీకు చదువు వచ్చని ఎలా చెప్పుకొంటావని ఎగతాళి చేసి, సంచి తిరిగి ఇచ్చేశాడు. ఆ మాటను ఆ దొంగ నోట అల్లాహ్ పలికించాడని గజాలీ గ్రహించారు. తూస్ చేరిన తరువాత మూడేళ్లపాటు ఆ పాఠాలన్నింటినీ హృదయస్థం చేసుకొన్నారు. మన సంచి ఇప్పుడు అరచేతిలో ఇమిడేంత చిన్నదైంది. ఛార్జింగ్ అయిపోయినా చాలు, బందిపోటు అవసరం కూడా లేదు.

"అంతా కంఠస్థం చేయమంటారా?" అని మీరు అడగవచ్చు. లేదు. టెలిఫోను నంబర్లు గుర్తుంచుకోకపోతే ఎవరి బుద్ధీ తరిగిపోదు. 2011లో 'సైన్స్' అనే ప్రసిద్ధ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. ఒక సమాచారం కంప్యూటరులో భద్రంగా ఉంటుందని నమ్మినవారు ఆ సమాచారాన్ని తక్కువగా గుర్తుంచుకొన్నారనీ, అది ఎక్కడ దాచి ఉందో మాత్రం బాగా గుర్తుంచుకొన్నారనీ అందులో రాశారు. దాని ఆధారంగా మానవ మేధస్సే నశించిపోతున్నదని చాలామంది గగ్గోలు పెట్టారు. అయితే ఆ పరిశోధనలోని ఒక ప్రయోగాన్ని తరువాత ఇతర పరిశోధకులు మళ్లీ చేసినప్పుడు అదే ఫలితం రాలేదు. కాబట్టి ఈ విషయంలో అతిశయోక్తులు వద్దు. విన్న ప్రతి మాటనూ సరిచూసుకోకుండా చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. యంత్రాలను నిందించేటప్పుడు కూడా ఆ హెచ్చరిక మనకు వర్తిస్తుంది.

ఇప్పుడు వారసత్వం మాటకు వద్దాము.

ఇటీవల ఒక కుటుంబం మా వద్దకు వచ్చింది. వారి ఊరు, పేర్లు చెప్పము. ఇంటి పెద్ద మరణించారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తి విలువ లెక్కకు సులువుగా ఉండేందుకు 24 లక్షలు అనుకుందాము. ఆయనకు భార్య, ఒక కుమార్తె, ఒక సొంత చెల్లెలు, ఒక అన్న ఉన్నారు. తల్లిదండ్రులు ముందే గతించారు. ఆ ఇంటి యువకుడొకరు ఫోనులోని ఒక యాప్‌ను అడిగి వాటాలు రాయించుకొని, ఆ కాగితాన్ని మాకు చూపించారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. కుమార్తెకు సగం, 12 లక్షలు. మిగిలిన 9 లక్షలలో అన్నకు 6, చెల్లెలికి 3. "మౌలానా, లెక్క సరిగ్గానే ఉంది కదా? ఒక్కసారి మీ నోట అవుననిపించుకుందామని వచ్చాము" అన్నారు.

లెక్కలో తప్పు లేదు. సూరా నిసాలో అల్లాహ్ నిర్ణయించిన వాటాల ప్రకారమే ఉన్నది. అయినా మేము ఒక ప్రశ్న అడిగాము: "అన్న అన్నారు. ఒకే తల్లి, ఒకే తండ్రికి పుట్టిన అన్నేనా?"

వారు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "సొంత అన్న లాంటి వారే మౌలానా. పెద్దనాన్న గారి కొడుకు. చిన్నప్పటి నుండి ఒకే ఇంట్లో పెరిగారు."

సోదరులారా! మన తెలుగులో పెద్దనాన్న కొడుకూ అన్నే, సొంత అన్నా అన్నే. ఉర్దూలో భాయీ అన్నా అంతే. ఇది మన భాషలలోని మమకారం, దీన్ని మేము లోపం అనము. కాని షరీఅత్ వాటాలు పంచేటప్పుడు సొంత సోదరుడు వేరు, తండ్రి ఒక్కడే అయిన సోదరుడు వేరు, తల్లి ఒక్కతే అయిన సోదరుడు వేరు, పినతండ్రి లేక పెదతండ్రి కుమారుడు వేరు. ఇక్కడ మృతునికి కుమార్తె ఉన్నది, సొంత చెల్లెలు ఉన్నది. కుమార్తెతో కలిసినప్పుడు సొంత సోదరి 'అసబా' అవుతుంది, అంటే నిర్ణీత వాటాలు పోగా మిగిలినదంతా ఆమెకే చెందుతుంది. ఆమె ఉండగా పెదతండ్రి కుమారునికి ఏమీ రాదు. కాబట్టి ఆ 9 లక్షలూ చెల్లెలివే. యాప్ ఆమెకు రాసినది 3 లక్షలు. ఆమె భర్తను పోగొట్టుకొని, బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను పోషించుకుంటున్న స్త్రీ. ఒక్క మాట వల్ల 6 లక్షల రూపాయల ఆమె హక్కు చేయి జారబోయింది. కుటుంబంలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఆ అన్నగారు కూడా మంచి మనిషి. నిజం తెలిసిన వెంటనే "నాకు రాని సొమ్ము నాకెందుకు" అని లేచి నిలబడ్డారు.

ఇందులో యంత్రం చేసిన తప్పేమిటి? దాన్ని అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. ప్రశ్నలోనే తప్పు ఉన్నది. ప్రశ్నలో తప్పు ఉన్నదని ఎవరు గుర్తించగలరు? ఇల్మె ఫరాయిజ్ నేర్చుకొన్నవాడు. మదరసాలో 'సిరాజీ' చదివే రోజులలో మా ఉస్తాద్ పలక మీద లెక్కలు వేయించేవారు. ఒక్కో లెక్కలో ఒక్క మనిషిని మార్చేవారు: కుమార్తెను తీసేసి మనవరాలిని పెట్టేవారు, సొంత సోదరుని స్థానంలో తల్లి వైపు సోదరుని పెట్టేవారు. ఒక్క మనిషి మారితే మొత్తం వాటాలు ఎలా తలకిందులవుతాయో చేతి వేళ్లకు సుద్ద అంటించుకొంటూ నేర్చుకొన్నాము. ఆనాడు అది విసుగుగానే ఉండేది. నేడు ఎవరైనా 'అన్న' అనగానే మా నోటి నుండి 'ఏ అన్న?' అన్న ప్రశ్న వస్తున్నదంటే, అది ఆ సుద్ద పుణ్యమే. సరైన లెక్క ఫలితాన్ని ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు. అడగవలసిన ప్రశ్న మాత్రం అరువుగా దొరకదు.

ఇదే విషయాన్ని తుర్కియేలో జరిగిన ఒక పరిశోధన మరో విధంగా చూపింది. ఉన్నత పాఠశాల విద్యార్థులు దాదాపు వెయ్యి మందితో గణితంలో ఆ పరిశోధన జరిగింది, 2024లో దాని ఫలితాలు వెలువడ్డాయి. కొందరు పుస్తకాలతోనే అభ్యాసం చేశారు. కొందరికి చాట్‌జీపీటీ వంటి సాధనాన్ని యథాతథంగా ఇచ్చారు. మరికొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన సాధనాన్ని ఇచ్చారు. అభ్యాసం చేసేటప్పుడు రెండవ వర్గం పుస్తకాల వర్గం కన్నా 48 శాతం మెరుగ్గా లెక్కలు చేసింది, మూడవ వర్గం 127 శాతం మెరుగ్గా చేసింది. తరువాత సాధనాలన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. జవాబులు నేరుగా పొందినవారు అసలు సాధనమే లేనివారి కన్నా 17 శాతం వెనుకబడ్డారు. సూచనలు మాత్రమే పొందినవారికి ఆ నష్టం దాదాపు కలగలేదు. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉన్నది: తాము తక్కువ నేర్చుకొన్నామన్న సంగతి ఆ పిల్లలకు తెలియనే లేదు.

మంచి ఉస్తాద్ చేసే పని ఆ మూడవ సాధనం చేసింది. ఉస్తాద్‌కు జవాబు తెలుసు, అయినా చెప్పడు. శిష్యుడు తడబడుతుంటే ఓర్చుకొంటాడు. ఆ తడబాటుకు మన ధర్మంలో ఎంత విలువ ఉన్నదో చూడండి. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివే వ్యక్తికి రెండు పుణ్యాలు లభిస్తాయని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు శుభవార్త వినిపిస్తున్నది. తీర్పు చెప్పే వ్యక్తి శక్తివంచన లేకుండా ఆలోచించి సరైన తీర్పు చెబితే రెండు పుణ్యాలు, అంతే ఆలోచించి కూడా పొరబడితే ఒక పుణ్యం లభిస్తాయని మరో హదీసు తెలియజేస్తున్నది. పొరబడినవానికి పుణ్యం దేనికి? అతని ఆలోచనకు. ఫలితం మాత్రమే ముఖ్యమైతే పొరబడినవానికి ఏమీ దక్కకూడదు. అల్లాహ్ వద్ద శ్రమకు కూడా తూకం ఉన్నది. మనం శ్రమించకుండా తెచ్చుకొన్న సరైన జవాబుకు ఏ తూకం ఉంటుందో మనమే ఆలోచించుకోవాలి.

ప్రళయదినాన చెవి, కన్ను, హృదయం ఇవన్నీ ప్రశ్నించబడతాయని సూరా బనీ ఇస్రాయీల్ హెచ్చరిస్తున్నది. తెలియని దాని వెంట పడవద్దన్న ఆజ్ఞ కూడా ఆ వాక్యంలోనే ఉన్నది. సూరా ఫుర్ఖాన్‌లో కరుణామయుని దాసుల గుణాలు వర్ణిస్తూ, తమ ప్రభువు వాక్యాలను వినిపించినప్పుడు సైతం వారు చెవిటివారిలా, గుడ్డివారిలా వాటిపై పడరని చెప్పబడింది. స్వయంగా అల్లాహ్ వాక్కు విషయంలోనే ఆలోచనతో వినమని ఆదేశించిన ధర్మం మనది. మరి ఒక యంత్రం మాటపై కళ్లు మూసుకొని పడటానికి అనుమతి ఎక్కడుంది?

మరో సంగతి. ఇమాం మాలిక్ (రహ్మలై) ను ఒకసారి 48 ప్రశ్నలు అడిగారు. వాటిలో 32 ప్రశ్నలకు తనకు తెలియదని ఆయన సమాధానమిచ్చారని గ్రంథాలలో నమోదై ఉన్నది. మదీనా ఇమాము ఆయన. 'తెలియదు' అనడం ఆయనకు చిన్నతనం అనిపించలేదు. కృత్రిమ మేధకు ఈ గుణం తక్కువ. తెలిసినది ఎంత ధీమాగా చెబుతుందో, లేనిదాన్నీ అంతే ధీమాగా అల్లి చెబుతుంది. ఒక విద్యార్థి మాకు ఒక హదీసు చూపించాడు. అందమైన తెలుగు, పక్కనే గ్రంథం పేరు, హదీసు సంఖ్య. మేము ఆ గ్రంథం తెరిచి చూస్తే ఆ సంఖ్య వద్ద ఉన్నది వుజూకు సంబంధించిన వేరొక హదీసు. యంత్రం చెప్పిన మాట ఆ గ్రంథంలో ఎక్కడా దొరకలేదు. దైవప్రవక్త (స) పేరు మీద తెలిసి తెలిసి అబద్ధం పలికేవానికి నరకంలో స్థానం సిద్ధమన్న హెచ్చరిక మనందరికీ తెలుసు. యంత్రానికి నరకభయం లేదు. దాని మాటను వాట్సాప్‌లో నలుగురికి పంపే వేలు మనది.

తోటి ఖతీబులకు కూడా వినయపూర్వకంగా ఒక మాట. గురువారం రాత్రి యంత్రం చేత ప్రసంగం రాయించుకొని శుక్రవారం మిహ్రాబ్ వద్ద చదివేవారు కొందరు తయారయ్యారని వింటున్నాము. జనం తమ పనులు, దుకాణాలు మానుకొని వచ్చి మన ఎదుట కూర్చుంటున్నారు. వారి కోసం మనం ఒక రాత్రి ఒక గ్రంథం ముందు కూర్చోలేమా? హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1888లో ప్రారంభమైన నాటి నుండి ఎన్నో అరుదైన అరబీ గ్రంథాలను అచ్చువేసింది. అక్కడి విద్వాంసులు పాత రాతప్రతులను పక్కపక్కన పెట్టి సరిపోల్చి వాటిని సిద్ధం చేశారు. ఏ యంత్రమైనా ఈ రోజు మనకు వల్లిస్తున్నది అలా ఎవరో కళ్లు అరగదీసుకొన్న ఫలితమే. కొత్తగా కళ్లు అరగదీసుకొనేవారు లేకపోతే రేపు అది దేన్ని వల్లిస్తుంది?

జ్ఞానాన్ని అల్లాహ్ మనుషుల గుండెలలో నుండి ఒక్కసారిగా పెరికివేయడనీ, జ్ఞానులను తీసుకువెళ్లడం ద్వారా దాన్ని తీసుకువెళతాడనీ, అప్పుడు జనం తెలియనివారిని నాయకులుగా చేసుకొని వారిని అడుగుతారనీ, వారు తాము దారి తప్పి ఇతరులనూ దారి తప్పిస్తారనీ హదీసులో ఉన్నది. ఈ హదీసు విన్నప్పుడల్లా మనం ఎవరో అజ్ఞాన నాయకులను ఊహించుకొంటాము. ఆ స్థానంలో మనిషే ఉంటాడని ఎందుకు అనుకోవాలి?

అయితే న్యాయంగా మాట్లాడాలి. మన పల్లెలలో ఎన్నో చోట్ల నాలుగు ముస్లిం ఇళ్లే ఉంటాయి, మసీదు ఉంటే ఆలిం ఉండడు. తెలుగులో ధార్మిక గ్రంథాలు ఉర్దూలో ఉన్నన్ని లేవు, ఉర్దూ చదవలేని యువత పెరుగుతున్నది. కొన్ని విషయాలు ఒక స్త్రీ ఇమామును అడగలేదు, సిగ్గుపడుతుంది. కంటిచూపు లేని సోదరుడు ఫోను చదివి వినిపిస్తేనే పుస్తకం వినగలుగుతాడు. వీరందరికీ ఈ సాధనం అల్లాహ్ అనుగ్రహమే. వారిని తప్పుపట్టే అర్హత, వారి వద్దకు చేరుకోలేకపోయిన మా వంటి ఉలమాకు లేదు. మేము కోరేది ఇంతే: అక్కడ దొరికిన మాటను అంతిమ నిర్ణయంగా కాక, ఒకరిని అడగవలసిన ప్రశ్నగా తీసుకోండి. ఏ గ్రంథంలో ఉన్నదో దాన్నే అడగండి, ఆ గ్రంథం తెరిపించి చూడండి. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి తెలుసుకోమని సూరా హుజురాత్ ఆదేశిస్తున్నది. పెళ్లి, తలాఖ్, ఆస్తి, అప్పు వంటి ఇతరుల హక్కులు ముడిపడిన విషయాలలో మాత్రం ఒక ఆలిం ఎదుట కూర్చోకుండా ముందుకు వెళ్లవద్దు.

చిన్న విషయాలలోనూ కాస్త కళ్లు తెరిచి ఉంచుదాము. ఖిబ్లా యాప్ పట్టుకొని హోటల్ గదిలో గుండ్రంగా తిరిగే యువకులను మేము చూశాము. ఇనుప బీరువా పక్కన నిలబడితే ఫోనులోని దిక్సూచి ఎటో చూపుతుంది. కిటికీలో అస్ర్ సూర్యుడు దిగుతూ కనిపిస్తున్నా వారు అటు చూడరు. మన ప్రాంతంలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరం వైపు ఉంటుందని పది సంవత్సరాల పిల్లవాడికి తెలిసి ఉండాలి.

దైవప్రవక్త (స) తన లేఖల విషయంలో పరాయి దుబాసీలపై ఆధారపడటం క్షేమం కాదని భావించి, యూదుల లిపి నేర్చుకోమని హజ్రత్ జైద్ (రజి) ను ఆజ్ఞాపించారు. ఇందాక ఖుర్ఆన్ సేకరణలో చెప్పుకొన్న జైద్ (రజి) యే. ఆయన అర్ధమాసం గడవకముందే నేర్చుకొన్నారు. చదివి వినిపించేవారు దొరకలేదని కాదు, సరిచూడగలిగేవాడు తమలో ఒకడైనా ఉండాలని ఆ ఏర్పాటు. ప్రతి మొహల్లాలో అటువంటి ఒక్క జైద్ ఉండాలని మా కోరిక.

తండ్రులకు, తల్లులకు మా విన్నపం: పిల్లల చేతిలోని ఫోను లాక్కోవడం కన్నా వారి పక్కన కూర్చోవడం మేలు. లెక్క గాని, వ్యాసం గాని ముందు తమ చేత్తో ఒకసారి రాయనివ్వండి, తప్పులతోనే రాయనివ్వండి. ఆ తరువాత కావాలంటే యంత్రాన్ని అడిగి, తన రాతకు దాని రాతకు తేడా ఏమిటో మీకు వివరించమనండి. వివరించగలిగితే నేర్చుకొన్నాడు. మీకు ఆ పాఠం రాకపోయినా పరవాలేదు, వివరించేవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

వచ్చే శనివారం నుండి ఇషా నమాజు తరువాత ముప్పావు గంట సేపు ఈ మసీదులోనే వారసత్వ వాటాల పాఠం చెప్పాలని నిర్ణయించుకొన్నాము. స్త్రీలకు పరదా ఏర్పాటు ఉంటుంది. పలక, సుద్ద మా వద్ద ఉన్నాయి. ఫోన్లు కూడా తెచ్చుకోవచ్చు. ముందు చేత్తో చేస్తాము, తరువాత ఫోనును అడిగి సరిచూస్తాము, ఎక్కడ తేడా వచ్చిందో కలిసి వెతుకుతాము. మొదటి లెక్క ఇప్పుడే చెబుతున్నాము, ఇంటికి వెళ్లి ఆలోచించండి. ఒక స్త్రీ మరణించింది. ఆమెకు భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు మాత్రమే ఉన్నారు. ఖుర్ఆన్ ప్రకారం భర్తకు సగం. ఇద్దరు సోదరీమణులకు మూడింట రెండు వంతులు. ఈ రెండు వాటాలూ కలిపితే ఉన్న ఆస్తి కన్నా ఎక్కువ అవుతున్నది. ఎవరి వాటా ఎంత తగ్గాలి, ఎందుకు? హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సహాబాలు కలిసి కూర్చొని ఆలోచించిన చిక్కు ఇది. మీ జవాబును మీ చేతిరాతతో కాగితం మీద తీసుకురండి.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక, ఆమీన్. ఖుత్బా సమయం సమీపించింది, సున్నతులు ఆచరించుకోండి.